ఆయన వంతు మాట

లాబే నది మీద మంచు పలకలు
ఒకదాన్నొకటి ఒరుసుకునే చప్పుడు
మూడో అంతస్తు వార్డు దాకా వినిపించే ఫిబ్రవరి.
నాది కిటికీ పక్క మంచం, విరిగిన తుంటి.
అవతలిది ఫాదర్ ఒట్మార్‌ది,
ఆయనలో విరగడానికి ఇంకేమీ మిగల్లేదు.

రాత్రి డ్యూటీ బ్లాఝెనాది.
ఆ పేరుకి ధన్యురాలని అర్థం.
పేరు పెట్టిన నాయనమ్మ తప్ప
ఆ ఇంట్లో చర్చి గడప తొక్కినవాళ్ళు లేరట.
మనిషి పెళుసు. మెట్ల కింద దొంగచాటు సిగరెట్లు,
ఇంజక్షన్ ఇస్తూ వంటవాడి మీద బూతులు.
నా నొప్పి మాత్ర రెండుసార్లు మర్చిపోయింది,
గుర్తు చేస్తే నేనే గొణుగుడు ముసలాణ్ణయ్యాను.

ఒక తెల్లవారుజామున ఉండబట్టలేక అడిగాను:
పైన ఎవరూ లేరంటావు కదా,
మరి నా దిండు కింది పర్సు
నువ్వెందుకు తీయవు?
దుప్పటి దులుపుతూ అంది:
"అందులో ఎంతుందేంటి?"
నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఫాదర్‌కి కళ్ళు పోయి రెండేళ్ళు.
నిద్రకు ముందు చదివే ప్రార్థనల పుస్తకం
తొలిరాత్రి ఆమె వైపు చాచాడు.
నాకు నమ్మకం లేదు, అంది.
నమ్మమనలేదమ్మా, చదవమన్నాను.

కుర్చీ లాక్కుంది.
జ్వరాల పట్టిక చదివినట్టు చదివింది,
ఎక్కడా గొంతు తడవకుండా.
చివర్న ఆగిపోయింది.
ఇంకో మాట ఉందిగా, అన్నాడాయన.
"అది నమ్మినవాళ్ళు అనాల్సింది.
మీ ముందు అబద్ధమాడలేను. మీరే అనుకోండి."
ఫాదర్ చాలాసేపు నవ్వాడు, దగ్గొచ్చేదాకా.
ఆమెన్, అన్నాడు.
అప్పట్నుంచి ఒప్పందం అదే:
పుటంతా ఆమెది, చివరి మాట ఆయనది.

పదకొండో రాత్రి
ఒంటిగంట దాటాక నీళ్ళడిగాడు ఫాదర్.
గంట మీట ఆయన చేతికందలేదు.
నా చేతికందుతుంది.
నలభై ఏళ్ళు రైలు సిగ్నళ్ళ దగ్గర మేలుకున్నవాణ్ణి,
ప్రతి ఆదివారం మోకాళ్ళ మీద నిలిచినవాణ్ణి.
దుప్పటి వెచ్చగా ఉంది. తుంటి సలుపుతోంది.
ఎవరో ఒకరు వస్తార్లే అని
కళ్ళు మూసుకున్నాను,
పాలు తాగే పిల్లిలా.

వచ్చింది, పిలవకుండానే.
చెంచాతో నీళ్ళు పట్టింది, గడ్డం తుడుస్తూ.
చదవమన్నాడు కాబోలు, కుర్చీ కిర్రుమంది.
సగం పుటలో ఊపిరి ఆగింది.
నాకూ వినిపించింది.
పట్టాల మీద దూరమయ్యే బండి
ఏ క్షణాన వినపడ్డం మానేస్తుందో
తెలిసిన చెవులివి.

మణికట్టు పట్టుకుంది. గడియారం చూసింది.
కాగితం మీద ఏదో రాసింది.
ఆమె లెక్కలో పైన ఎవరూ లేరు.
మంచంలోనూ ఇక ఎవరూ లేరు.
నేను నిద్రపోతున్నాను.
పుస్తకం మూసేస్తే అడిగేదెవరు?

మళ్ళీ కూర్చుంది.
ఆపిన చోటు నుంచి కాదు,
ఆ వాక్యం మొదటి నుంచి ఎత్తుకుంది.
ఒక్క ముక్క మింగకుండా
అదే జ్వరాల పట్టిక గొంతుతో
పుట చివరిదాకా వచ్చి
ఆగింది.

ఆయన వంతు మాట కోసం
గదంతా ఆగింది.
ఆమె అనలేదు. అనదు.
ఆ మాట తెలిసినవాణ్ణి, నమ్మినవాణ్ణి
అక్కడ నేనొక్కణ్ణే మిగిలాను.
నోరు తెరిస్తే
మేలుకునే ఉన్నానని తెలిసిపోతుంది,
నీళ్ళ సంగతీ.
పళ్ళ వెనక బిగబట్టుకున్నాను.

పొద్దున టీ తెచ్చింది. ఎర్రటి కళ్ళు, సిగరెట్ వాసన.
అవతలి మంచం అప్పటికే
కొత్త దుప్పటి కప్పుకుంది.
"రాత్రి నిద్ర పట్టిందా?"
హాయిగా, అన్నాను.

గంట మీటని నా దిండుకి
ఇంకాస్త దగ్గరగా జరిపి
వెళ్ళిపోయింది.